బూ రాడ్లీ చేతికి రక్తం అంటింది కదా, అమాయకత్వానికి ప్రతీక ఎలా అవుతాడు?

మీ ప్రశ్న ఇదీ: ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి ఏడాదిలో హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ పాఠ్యంగా ఉంది. గైడ్లన్నీ బూ రాడ్లీని అమాయకత్వానికి ప్రతీక అంటున్నాయి. ఆయనేమో కన్నతండ్రిని కత్తెరతో పొడిచాడు, చివర్లో ఒక మనిషి ప్రాణం తీశాడు, మధ్యలో ఎక్కడా కనబడడు. ఇలాంటివాణ్ణి అమాయకుడని రాయడానికి మీకు చెయ్యి రావడం లేదు. ఏం రాయాలి అని.

చెయ్యి రాకపోవడం మంచిదేనమ్మా. చెన్నైలో ఇరవై ఏడేళ్లు ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పి రిటైరయ్యాను. ఈ నవల మీద నేను దిద్దిన పేపర్లలో ఎక్కువ భాగం ‘బూ పిల్లల్ని కాపాడాడు, కాబట్టి మంచివాడు, కాబట్టి అమాయకుడు’ అని మూడు ముక్కల్లో ముగించినవే. కత్తెర దగ్గర ఆగి, ఇదేమిటి అని అడిగినవాళ్లు చాలా తక్కువ.

చిక్కు సగం ఇంగ్లీషు మాటలోనే ఉంది. ఇన్నొసెన్స్ అనే ఒక్క మాటలో వాళ్లు రెండు సంగతులు ఇరికిస్తారు. మన భాషలో అవి విడివిడిగా ఉన్నాయి. నేరం చెయ్యనివాడు నిర్దోషి. మాయామర్మం తెలియనివాడు అమాయకుడు. నిర్దోషి అయిన ప్రతివాడూ అమాయకుడు కానక్కర్లేదు, అమాయకుడైన ప్రతివాడూ నిర్దోషి కానక్కర్లేదు. మీరు మొదటి తూనికరాయి వేసి బూని తూచారు, తేడా వచ్చింది. నవల వేసేది రెండో రాయి. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మనం వాడుకలో అమాయకుడంటే నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడనే అర్థంలో అంటుంటాం. బూ అలాంటివాడు కాడు. అవసరం వచ్చిన రాత్రి కొరికాడు.

ఇక పేరు. తెలుగువాళ్లుగా మనకు ఈ నవలలో ఒక వరం ఉంది, దాన్ని వదులుకోకండి. ఆయన అసలు పేరు ఆర్థర్ రాడ్లీ. బూ అనేది ఊరు తగిలించిన పేరు, పిల్లల్ని జడిపించే మాట. మన బూచి, బూచాడు. మీ తమిళ స్నేహితుల్ని అడగండి, పూచ్చాండి అంటారు. మూడు భాషల తల్లులూ అన్నం తినని పిల్లకి చీకట్లోకి వేలు చూపించి దాదాపు ఒకే చప్పుడు చేశారు. బూ రాడ్లీ అని చదివినప్పుడల్లా మీ మనసులో ‘బూచి రాడ్లీ’ అనుకోండి. ఒక మనిషికి ఊరు ఏం చేసిందో వెంటనే తెలుస్తుంది.

ఆ బూచిని ఊరు ఎలా కట్టిందో మొదటి అధ్యాయంలో చూడండి. అలబామా రాష్ట్రంలో మేకూంబ్ అనే చిన్న ఊరు, 1930ల కరువు రోజులు. మంచుకి ఎవరి పూలమొక్కలు మాడినా బూ వాటి మీద ఊపిరి వదిలాడనేవారు. ఊళ్లో కోళ్లూ పెంపుడు జంతువులూ చస్తే ఆయన పనే అన్నారు. చేసినవాడు వేరొకడని తేలింది. తేలాక కూడా రాడ్లీ ఇంటివైపే అనుమానంగా చూశారు. రాడ్లీ పెరట్లోని చెట్టు కాయలు పక్కనున్న బడి ఆవరణలో రాలితే పిల్లలెవరూ ముట్టరు, విషమని. ఆ పెరట్లో పడ్డ బంతి ఇక పోయినట్టే, ఎవరూ అడగరు.

బంతి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నేను పెరంబూరులో పెరిగాను. నాన్న రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. వరసగా అయిదు పోర్షన్లు, వెనక అందరికీ కలిపి ఒక బావి. చివరి పోర్షన్‌లో ఒకాయన ఒంటరిగా ఉండేవాడు. అందరూ పడుకున్నాక బావి దగ్గరికి వచ్చి నీళ్లు తోడుకునేవాడు, గిలక చప్పుడు వినబడేది. పగలు ఆ తలుపు తెరిచి ఉండగా నేను చూడలేదు. తెలుగు పిల్లలం బూచాడనేవాళ్లం, అరవ పిల్లలు పూచ్చాండి అనేవాళ్లు. సందె చీకట్లో ఆ తలుపు తట్టి పారిపోవడం మా ఆట. నాకు తొమ్మిదేళ్లు. నేను కూడా తట్టాను, చాలాసార్లు. తట్టిన ప్రతిసారీ లోపల వెలుగుతున్న దీపం ఆరిపోయేది. మేం గోడ చాటునుంచి అది చూసి కేరింతలు కొట్టేవాళ్లం. ఆ దీపం ఎందుకు ఆర్పేవాడో ఆలోచించాలని నాకు తట్టలేదు. పందొమ్మిదో ఏట ఈ నవల చదివి, కథ చెప్పే చిన్నపిల్ల స్కౌట్, ఆమె అన్న జెమ్, స్నేహితుడు డిల్ కలిసి బూ రాడ్లీ బతుకుని నాటకంగా ఆడుకునే చోటికి వచ్చేసరికి పుస్తకం మూసేశాను. రెండు రోజులు తెరవలేకపోయాను.

ఇప్పుడు మీ మొదటి అభ్యంతరం, కత్తెర. ఆ కథ ఎవరు చెప్పారో వెనక్కి వెళ్లి చూడండి. జెమ్ చెబుతాడు. జెమ్‌కి ఎక్కడిది? వాళ్ల వీధిలోని స్టెఫనీ క్రాఫర్డ్ దగ్గర్నుంచి వచ్చింది. ఊళ్లో కబుర్లన్నిటికీ ఆవిడే గంప. బూ కూర్చుని పేపరు కత్తిరించుకుంటున్నాడట, తండ్రి పక్కనుంచి వెళ్తుంటే కాలిలో పొడిచాడట, తుడుచుకుని మళ్లీ కత్తిరించుకున్నాడట. అప్పటికి ఆయనకి ముప్పై మూడేళ్లు. జరిగిందో లేదో తేల్చడం మన పని కాదు. ఏదో జరిగే ఉంటుంది. కానీ రచయిత్రి దాన్ని మనకి మూడు నోళ్లు మారిన మాటగా అందించింది. మీ పేపర్లో ‘బూ తండ్రిని పొడిచాడు’ అని సూటిగా రాయకుండా ‘పొడిచాడని ఊరు చెప్పుకుంది’ అని రాస్తే ఆ ఒక్క వాక్యంతోనే మీరు నవలని చదివిన తీరు తెలుస్తుంది.

దానికి ముందు జరిగింది మరీ ముఖ్యం. కుర్రతనంలో స్నేహితులతో కలిసి ఒక పాత కారుని ఊరి మధ్య వెనక్కి నడిపి, అడ్డొచ్చిన ముసలి అధికారిని కోర్టు మరుగుదొడ్లో పెట్టి గొళ్లెం వేశారు. అంతే, అల్లరి. మిగతా కుర్రాళ్లని జడ్జి ప్రభుత్వ బడికి పంపితే వాళ్లకి మంచి చదువు దొరికింది. బూ తండ్రి మాత్రం మా వాణ్ణి నేను చూసుకుంటానని ఇంటికి తీసుకుపోయాడు. పదిహేనేళ్లు ఆ కుర్రాణ్ణి ఎవరూ చూడలేదు. మంచానికి గొలుసుతో కట్టేశారా అని అడిగితే జెమ్, స్కౌట్‌ల తండ్రి, లాయరు అట్టికస్, మనిషిని దయ్యంగా మార్చడానికి వేరే దారులున్నాయని అంటాడు. ఈ నవలలో నాకు అన్నిటికంటే చలి పుట్టించే మాట అది.

లెక్క వేయండి. ముప్పై మూడులోంచి పదిహేను తీస్తే పద్దెనిమిది. తలుపు మూసినప్పుడు ఆయన వయసు అది. ఇప్పుడు చెట్టు తొర్రలో ఆయన పిల్లలకోసం పెట్టిన వస్తువులు వరసగా చూడండి. చూయింగ్ గమ్, పాత నాణేలు రెండు, పురికొస ఉండ, సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు, ఎప్పుడో స్పెల్లింగు పోటీలో ఇచ్చిన పతకం, నడవని జేబు గడియారం, దాని గొలుసుకి చిన్న చాకు. ఒక్కటి కూడా పెద్దమనిషి ఇచ్చే కానుక కాదు. ఒక మగపిల్లాడి నిక్కరు జేబు బోర్లిస్తే పడేవి అవి. తనకి మిగిలిన ఆస్తి అదే, దాన్నే పంచాడు. ఎవరిచ్చారో తెలియకుండా పెట్టాడు. అమాయకత్వం అనే మాటకి నవలలో సాక్ష్యం కావాలంటే నేను ముందు ఈ తొర్రని చూపిస్తాను, పిల్లల ప్రాణం కాపాడిన రాత్రిని తర్వాత చూపిస్తాను. ప్రాణం కాపాడటం ధైర్యం. మాయ లేనితనం పురికొస ఉండలో ఉంది.

సబ్బు బొమ్మల గురించి ఇంకాస్త. ఒకటి అబ్బాయి, ఒకటి నుదుటి మీద జుట్టు కత్తిరించిన అమ్మాయి. అచ్చం జెమ్, స్కౌట్. మాకింగ్‌బర్డ్ మన దేశపు పిట్ట కాదు. దాని గొప్పతనం ఏమిటంటే తాను విన్న ఇతర పిట్టల కూతల్ని నేర్చుకుని అనుకరించి పాడుతుంది. పదో అధ్యాయంలో పిల్లల పొరుగింటి మిస్ మాడీ, ఆ పిట్ట తోటల్ని పాడుచెయ్యదు, ధాన్యపు కొట్లో గూడు కట్టదు, మనకోసం పాడటం తప్ప ఏమీ చెయ్యదు, అందుకే దాన్ని చంపడం పాపం అని చెబుతుంది. గైడ్లు అక్కడితో ఆగుతాయి. కిటికీ సందులోంచి చూసిన పిల్లల్ని సబ్బు ముక్కలో మళ్లీ పుట్టించిన మనిషి ఆ పిట్ట చేసే పనే చేస్తున్నాడు. ఇది నా సొంత పఠనం, ఒప్పుకుంటే వాడుకోండి.

ఆ తొర్రని బూ అన్న నేథన్ సిమెంటుతో పూడ్చేస్తాడు. చెట్టుకి జబ్బు చేసిందంటాడు. అట్టికస్‌ని అడిగితే చెట్టు ఆరోగ్యంగానే ఉందంటాడు. ఆ సాయంత్రం జెమ్ వసారాలో చాలాసేపు ఒంటరిగా నిలబడి, మొహం మీద కన్నీటి చారలతో లోపలికి వస్తాడు. ఎందుకు ఏడ్చాడో రచయిత్రి చెప్పదు. పిట్ట మీద మొదటి దెబ్బ పడింది అక్కడే. తుపాకీ లేకుండా, ఒక తాపీ, కాస్త సిమెంటు.

మీ రెండో అభ్యంతరానికి వస్తాను. అట్టికస్ మీద పగబట్టిన బాబ్ ఇవెల్ చీకట్లో పిల్లల మీద పడ్డాడు, జెమ్ చెయ్యి విరిగింది, బూ వచ్చాడు, ఇవెల్ చచ్చిపడి ఉన్నాడు. చంపింది బూ అని నవల నోరు విప్పి అనదు, కానీ అర్థం కాకుండా ఉండదు. మొదట అట్టికస్ తన కొడుకే చంపాడనుకుని, కోర్టుకి వెళ్లాల్సిందే అంటాడు. షెరిఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, హెక్ టేట్ మాత్రం, ఇవెల్ తన కత్తి మీద తానే పడ్డాడని పట్టుబడతాడు. విచారణ జరిగితే బూకి శిక్ష పడదు, పిల్లల్ని కాపాడాడు కాబట్టి. టేట్ భయం జైలు గురించి కాదు, కేకుల గురించి. ఊళ్లో ఆడవాళ్లందరూ, తన భార్యతో సహా, కేకులు చేసుకుని ఆ తలుపు తడతారు అంటాడు. సిగ్గరి మనిషిని అంత వెలుతురులోకి ఈడవడం పాపమంటాడు. కృతజ్ఞతే అతన్ని చంపుతుంది! తిట్లు తట్టుకుని పాతికేళ్లు బతికినవాడు పొగడ్తకి చచ్చిపోతాడు. మనవాళ్లు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారే, ఆ పిచ్చుక బూ. అస్త్రం ఊరి మంచితనం. స్కౌట్‌కి తొమ్మిదేళ్లు కూడా లేవు, టేట్ మాట సరైనదే నాన్నా అని, మాకింగ్‌బర్డ్‌ని కాల్చినట్టు అవుతుంది కదా అంటుంది.

ఇక్కడ నాకు ‘మా నిషాద’ గుర్తురాకుండా ఉండదు. క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని బోయవాడు కొట్టాడు, వాల్మీకి శోకం శ్లోకమైంది, రామాయణానికి అది గుమ్మం. పిట్టని చంపడం పాపమనే మాట మీద ఒక మహాకావ్యం నిలబెట్టుకున్న పాఠకులం మనం. ఈ నవల మనకి పరాయిది కాదని క్లాసులో మొదటి రోజే చెప్పేవాణ్ణి. తేడా ఒకటుంది, అదే నవల అందం. వాల్మీకి నోట పిట్ట పడిపోయాక మాట వచ్చింది. స్కౌట్ నోట పిట్ట పడకముందే వచ్చింది.

కానీ ఆ మాట ఎవరి విషయంలో ముందు వచ్చింది, ఎవరి విషయంలో రాలేదు? ఇది రాయకపోతే మీ జవాబు సగమే. టామ్ రాబిన్సన్ నల్లవాడు. బాబ్ ఇవెల్ కూతుర్ని చెరిచాడని అతని మీద నేరం మోపారు. చిన్నప్పుడు పత్తి యంత్రంలో పడి ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ చేత్తో అతను ఆ నేరం చెయ్యలేడని కోర్టులో అందరి కళ్లముందూ తేలింది. అయినా దోషి అన్నారు. జైలు కంచె ఎక్కబోతుంటే కాల్చారు, పదిహేడు తూటాలు. పత్రిక నడిపే అండర్‌వుడ్ ఆ చావుని పాటలు పాడే పిట్టల్ని వేటాడటంతో పోలుస్తాడు, చచ్చాక. బూ నిజంగా చంపాడు, అతణ్ణి కోర్టు గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. టామ్ ఏ పాపం ఎరగడు, కోర్టే అతన్ని తినేసింది. బూ తెల్లవాడు, షెరిఫ్ ఇంటి మనిషిలా ఆలోచించాడు. ఈ సంగతి రచయిత్రికి తెలియక రాసిందని నేననుకోను. ఒకే పిట్ట పేరు ఇద్దరికీ పెట్టి, రెండు వేరు గతులు చూపించింది. నిర్దోషి, అమాయకుడు అనే మన రెండు మాటలు ఇక్కడ పక్కపక్కన పెడితే మీ గైడ్లేవీ చెప్పలేనిది చెప్పగలుగుతారు.

పోలికకి మన దేశపు కథ ఒకటి చాలు. టాగూర్ ‘కాబూలీవాలా’, 1892. మినీ అనే చిన్నపిల్ల అతని సంచిలో పిల్లలుంటారని మొదట భయపడుతుంది. అదీ బూచి భయమే. రహమత్ కూడా బాకీ ఎగ్గొట్టినవాణ్ణి పొడిచి జైలుకి పోతాడు. మీ అభ్యంతరం అతనికీ వర్తిస్తుంది. అయినా కూతురి అరచేతి ముద్ర ఉన్న కాగితం జేబులోంచి తీసినప్పుడు అతన్ని హంతక స్వభావం ఉన్నవాడని ఎవరం అనం. పొడిచిన చెయ్యీ, ఆ కాగితం మడత విప్పిన చెయ్యీ ఒకటే.

జార్జి ఎలియట్ ‘సైలస్ మార్నర్’ (1861) తెచ్చి పోల్చమని కొందరు చెబుతారు. అక్కడ ఒంటరి నేతగాణ్ణి ఒక పసిపాప మళ్లీ మనుషుల్లోకి తెస్తుంది. ఏకాకుల కథలు చాలామటుకు అలాగే ముగుస్తాయి, వాడు బయటికొచ్చి మనలాంటివాడైపోయి మనకి నిశ్చింత ఇస్తాడు. లీ నవల అలా చెయ్యదు. పిల్లలు పుస్తకం సగం పొడుగునా బూని బయటికి రప్పించాలని చూస్తారు, గాలపు కర్రకి ఉత్తరం కట్టి కిటికీలోకి అందించబోతారు. ఆయన తనంతట తాను, వాళ్లకోసం, వాళ్ల కళ్లబడేలా ఒక్క రాత్రి బయటికి వచ్చాడు. అప్పుడు స్కౌట్ చేసేది ఆయన్ని తిరిగి ఇంట్లోకి చేర్చడం. కూర్చోవడానికి వసారాలో చీకటిగా ఉన్న కుర్చీ చూపిస్తుంది. ఆయన నవలంతటికీ ఒకే మాట మాట్లాడతాడు, నన్ను ఇంటి దగ్గర దింపుతావా అని. చీకటికి భయపడే పిల్లవాడి గొంతుతో అడిగాడని రాస్తుంది. 1962 సినిమా మాత్రమే చూసి రాసేవాళ్లు ఇది పోగొట్టుకుంటారు, అందులో బూగా వేసిన రాబర్ట్ డువాల్‌కి ఒక్క సంభాషణా లేదు. స్కౌట్ చెయ్యి పట్టుకు నడిపించదు. ఆయన మోచెయ్యి వంచమని, దాంట్లో తన చెయ్యి పెట్టుకుని నడుస్తుంది, వీధిలో ఎవరైనా చూస్తే పెద్దమనిషి ఒక అమ్మాయిని తోడు తీసుకెళ్తున్నట్టుండాలని. అప్పటికే ఆయన బూ కాదు, మిస్టర్ ఆర్థర్. పేరు తిరిగి ఇచ్చేసింది.

తర్వాత స్కౌట్ ఆ వసారాలో నిలబడి వీధిని ఆయన కిటికీ వైపునుంచి చూస్తుంది. పరకాయ ప్రవేశం అంటామే, అది. తన బాల్యమంతా ఆ వైపునుంచి ఎలా కనబడి ఉంటుందో ఋతువు తర్వాత ఋతువు చూసుకుంటుంది. ఆ చెట్టులోంచి తీసుకున్నామే గాని తిరిగి ఏమీ పెట్టలేదని బాధపడుతుంది.

ఒక్క విషయంలో ఈ నవలతో నాకు పేచీ ఉంది, అది కూడా చెప్పాలి. బూ కానుకలిచ్చాడు, చిరిగిన ప్యాంటు కుట్టి మడతపెట్టాడు, మంచులో వణుకుతున్న పిల్ల భుజాల మీద దుప్పటి కప్పాడు, ప్రాణం కాపాడాడు. ఇన్ని రుజువులు చూశాక అతన్ని ప్రేమించడం తేలిక. మా పెరంబూరు ఆయన మాకేమీ ఇవ్వలేదు. మా బంతి ఒకటి ఆయన వైపు పడింది, తిరిగి రాలేదు. మేం ఇల్లు మారిపోయాం. ఆయన మంచివాడని నా దగ్గర ఏ తొర్రా సాక్ష్యం చెప్పదు. సాక్ష్యం లేకపోయినా తొమ్మిదేళ్ల నేను ఆ తలుపు తట్టకూడదు. అందుకే బూని దేవదూతగా చేసి రాసిన జవాబులకి నేను మార్కులు తగ్గించేవాణ్ణి. బూచి అనడం ఎంత తప్పో, మచ్చలేని ప్రతీక అనడం అంత తప్పు. రెండింట్లోనూ ఆర్థర్ రాడ్లీ అనే మనిషి కనబడడు. ఇరవై మూడో అధ్యాయం చివర జెమ్, బూ లోపలే ఎందుకున్నాడో ఇప్పుడు అర్థమవుతోంది, ఉండాలనిపించి ఉన్నాడు అంటాడు. ఆ ఇష్టాన్ని కూడా మీ జవాబులో గౌరవించండి. ఆయన్ని ఊరు పాడుచేసిన బాధితుడిగా మాత్రమే చూపించకండి.

పరీక్షకి రాసేటప్పుడు చివరి అధ్యాయాలనుంచి మొదలుపెట్టకండి, అందరూ అక్కడినుంచే మొదలుపెడతారు. నాలుగో అధ్యాయం చివరి పేరా తెరవండి. స్కౌట్ పాత టైరులో ముడుచుకుని దొర్లుకుంటూ వెళ్లి రాడ్లీ ఇంటి మెట్ల ముందు పడుతుంది. తల తిరుగుతుంటుంది, జెమ్ బయటినుంచి పరిగెత్తుకు రమ్మని అరుస్తుంటాడు. ఆ గోలలో ఇంకొక చప్పుడు వింటుంది, రోడ్డు మీదికి వినబడనంత మెల్లగా. ఇంట్లో ఎవరో నవ్వుతున్నారు. ఆ సంగతి ఆమె జెమ్‌కి కూడా చెప్పదు. మీ మొదటి వాక్యం ఆ నవ్వు గురించి రాయండి.